గుండెజబ్బు వచ్చిన గృహస్థుడు: జీవిత బీమా
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గుఱించియు, వివాహవ్యయములను గుఱించియు నాకు ముందు మాటలాడిన పెద్దలు చక్కగా సెలవిచ్చిరి. కార్యదర్శిగారు నాకు నిర్ణయించిన విషయము అంత మంగళకరముగా పైకి కనబడదు. మరణమును గుఱించియు ధనమును గుఱించియు ఏకకాలమున ప్రసంగించుట మన సభలలో ఆచారము కాదు. ఐనను కొన్ని సంవత్సరములుగా మన వీధులలో జరుగుచున్న సంగతులను చూచుచుండుటచేత, ఇట్టి సభలో చెప్పక విడువరాని వానిలో ఇది యొకటియని తలంచి యొప్పుకొంటిని.

గుండెపోటు వచ్చి, చికిత్సచే బ్రతికి బయటపడిన గృహస్థునకు అటుపిమ్మట జీవిత బీమా దొరకునా? దొరికినచో, నేతపనివారును చిల్లర వర్తకులును చిన్న యుద్యోగులును భరింపగల ధరకు దొరకునా? ఇదియే ప్రశ్న. దొరకదని యూరివారందఱు చెప్పుదురు. జబ్బు సంగతి వ్రాయకుండిన దొరకునని కొందఱు ఏజంటులు చెప్పుదురు. ఈ రెండు మాటలును తప్పే. రెండవది మొదటి దానికంటె అపాయకరము.

పదమును గుఱించి యొక్క మాట. మనవారు తఱచు "భీమా" యని ఒత్తు పెట్టి వ్రాయుదురు. ఇది భీమసేనునికి సంబంధించినది కాదు. పారసీకమునుండి ఉర్దూ ద్వారమున మనకు వచ్చిన "బీమా". ఆ భాషలో "బీమ్" అనగా భయము. సంస్కృతమున "భీ" ధాతువునకును భయమే యర్థము; రెండు పదములును ఒక్క పురాతన మూలమునుండి పుట్టినవే. కావున ఒత్తు తప్పైనను అర్థము చెడలేదు. బడి విడిచినను ఎఱ్ఱసిరా చేతిని విడువకున్నది, క్షమింపుడు.

ఇక విషయము. 52 దేశములలో జరిగి 2004లో ప్రకటింపబడిన "ఇంటర్‌హార్ట్" అను పరిశోధనమున సేకరించిన సమాచారమునుండి దక్షిణాసియావారిని వేఱుగా తీసి చూడగా, మొదటి గుండెపోటు వచ్చు వయస్సు మనవారిలో సగటున 53 సంవత్సరములనియు, ఇతర దేశములవారిలో సుమారు 59 అనియు తేలినది. ఆఱేండ్ల భేదము కాగితముపై స్వల్పముగా కనబడును. కాని యేబదిమూడవ యేట మన యింటి స్థితి యెట్లుండును? పెద్దకూతురి పెండ్లికి చేసిన యప్పు తీఱియుండదు. చిన్నవాని చదువు ముగిసియుండదు. మగ్గముల షెడ్డుపై బ్యాంకు ఋణము సగము మిగిలియుండును. ఇంటికి దూలము వంటివాడు అప్పుడే వంగుచున్నాడు.

అయితే వంగినవాడు విఱిగిపోవుట నేడు తగ్గినది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన పిమ్మట, చేతిలో పైకము లేనివారును పట్టణపు ఆసుపత్రులలో స్టెంటు వేయించుకొని, బైపాసు చేయించుకొని, కొన్నాళ్ల విశ్రాంతి పిమ్మట మఱల పనిలో కూర్చుండుచున్నారు. ఇది సంతోషింపదగిన సంగతి. కాని ఇచ్చట మనవారు ఒక పొరపాటు పడుచున్నారు. "మాకు ఆరోగ్యశ్రీ కలదు, ఇక బీమా యెందులకు?" అందురు. ఆరోగ్యశ్రీ ఆసుపత్రికి పైకమిచ్చును, ఇంటికి ఈయదు. రోగి బ్రతికి యున్నంతవఱకే దాని పని. అతడు పోయిన మఱునాడు బియ్యపు కొట్టువానికి, బడి జీతమునకు, సావుకారు బాకీకి సమాధానము చెప్పవలసినది జీవిత బీమా మాత్రమే.

ఈ భేదమును లోకమునకు గట్టిగా చూపినవాడు ఒక శస్త్రవైద్యుడు. 1967 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను నగరమున మానవుని గుండెను మార్చిన మొదటి శస్త్రచికిత్సను చేసిన క్రిస్టియాన్ బర్నార్డు పేరు మీరెఱుగుదురు. అతని తమ్ముడు మారియస్ బర్నార్డు కూడ ఆ వైద్యబృందములోని వాడే. తాను బ్రతికించిన రోగులు దేహముతో బ్రతికి ధనముతో నశించుటను చూచి, ప్రాణాపాయకరమైన వ్యాధి నిర్ధారణయైన వెంటనే పైకమిచ్చు బీమాను అతడు ఊహించి, 1983లో ఆ దేశపు సంస్థ యొకదానిచేత ప్రవేశపెట్టించెను. నేడు "క్రిటికల్ ఇల్‌నెస్" అని మనకు విక్రయించునది ఆ జాతిదే. అది జబ్బు రాకముందు కొనవలసిన సరకు. ఈ సభలోని యువకులు గమనింతురు గాక. జబ్బు వచ్చిన పిమ్మట గుండెకు సంబంధించి అది దొరకుట దుర్లభము.

మఱియొక విశేషము చెప్పెదను. గుండె రక్తనాళమును చిన్న బుడగతో విప్పు చికిత్సను ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అను వైద్యుడు 1977 సెప్టెంబరులో జూరిచ్ నగరమున మొదటిసారి చేసెను. ఆ మొదటి రోగికి అప్పుడు 38 సంవత్సరములు. వృత్తి యేమనుకొందురు? బీమా విక్రయించుట! పదేండ్ల పిమ్మట పరీక్షించి చూడగా విప్పిన నాళము తెఱచియే యుండెను. ముప్పదియేండ్ల పిమ్మటను ఆయన జీవించియే యుండెను. గుండెజబ్బు వచ్చినవాడు నేడో రేపో అనుట సరికాదని చెప్పుటకు ఇంతకంటె తగిన నిదర్శనము నాకు కనబడదు. బీమా సంస్థలకును ఈ సంగతి తెలియును. కావుననే పూర్వము తలుపు మూసిన చోట నేడు కొన్ని సంస్థలు తలుపు ఓరగా తెఱచియుంచినవి.

ఆ తలుపు ఎంత తెఱచుకొనునో తెలియవలెనన్న, సంస్థ మనవలన అదనపు సొమ్ము ఎందులకు అడుగునో తెలియవలయును. పందొమ్మిదవ శతాబ్దమున మన దేశములో వ్యాపారము చేసిన ఆంగ్ల సంస్థలు, ఐరోపీయునికి ఒక ధర, భారతీయునికి అంతకు మించిన ధర విధించెడివి. భారతీయుడై పుట్టుటయే ఒక జబ్బన్నమాట! 1870లో స్థాపింపబడిన బొంబాయి మ్యూచువల్ సంస్థ భారతీయులకును మామూలు ధరకే బీమా ఇచ్చుటతో ఆ యన్యాయము తొలగుటకు దారి యేర్పడినది. జాతినిబట్టి అదనము వేయుట అన్యాయము. కాని ఒక్కొక్క వ్యక్తి దేహస్థితినిబట్టి అదనము వేయుట అట్టిది కాదు. వేయిమంది కట్టిన సొమ్ములోనుండియే చనిపోయినవారి కుటుంబములకు ఈయవలయును గనుక, అపాయము హెచ్చుగా నున్నవాడు కొంత హెచ్చు ఈయవలసియుండును. దీనినే వారు "లోడింగు" అందురు.

ఊహకొఱకు చెప్పుచున్నాను. ఒకే వయస్సు గల ఆరోగ్యవంతుడు 25 లక్షల టర్ము పాలసీకి ఏటికి 10,000 రూపాయలు కట్టుననుకొందము. మీ విషయమున అపాయము నూటికి నూఱు హెచ్చని వారు తూచినచో మీరు ఇంచుమించు 20,000 కట్టవలసివచ్చును. ఇది విని గుండె మఱల పట్టుకొనవలదు. 25 లక్షలకు బదులు 10 లక్షలు తీసికొనిన, అదే లెక్కను, 8,000 అగును. డెబ్బదియైదేండ్ల వఱకు కాక, చిన్నవాని చదువు ముగిసి ఋణము తీఱువఱకు పది పండ్రెండేండ్లు మాత్రమే తీసికొనిన ఇంకను తగ్గును. ఆరోగ్యవంతునివలె నిండు విస్తరి కావలెనని పట్టుపట్టక, కుటుంబము పస్తుండకుండుటకు ఎంత కావలెనో అంతకే కోరుట ధరను అందుబాటునకు తెచ్చు మొదటి యుపాయము. 2025 సెప్టెంబరు 22 మొదలుకొని వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియముపై జి.ఎస్.టి. తీసివేయబడినది, అంతకుముందు టర్ము పాలసీలపై నూటికి 18 ఉండెడిది. అదనముమీద కూడ పన్ను పడెడిది గనుక ఈ తగ్గింపు మనవారికే హెచ్చుగా ఉపకరించును.

భారత జీవిత బీమా సంస్థ తన చిహ్నమునందు గీతలోని తొమ్మిదవ అధ్యాయమునుండి "యోగక్షేమ" పదమును గ్రహించినది. లేనిదానిని పొందుట యోగము. ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము. వాడుకలో యోగము ముందు వచ్చినను, గుండెజబ్బు వచ్చినవాడు క్షేమమునే ముందు చూడవలయునని నేను చెప్పుదును. ఆసుపత్రినుండి రాగానే క్రొత్త పాలసీకై పరుగెత్తవలదు. ఇంట పెట్టెలో నున్న పాత పాలసీలను బయటికి తీయుడు.

ఈ సంగతి కొంచెము విస్తరించి చెప్పెదను. ఏలయనగా మనవారు ఎక్కువగా నష్టపోవుచున్నది ఇక్కడనే. జబ్బుకు ముందు తీసికొన్న పాలసీ, ఆరోగ్యవంతుడై యున్నప్పటి ధరకు దొరికినది. దానిని ఇప్పుడు ఎంత సొమ్మిచ్చినను మఱల కొనలేము. జబ్బు వచ్చినదని సంస్థ దాని ధర పెంచజాలదు, రద్దు చేయజాలదు. కాని మనమేమి చేయుచున్నాము? మందుల ఖర్చు పెరిగినదని మొట్టమొదట మానివేయునది బీమా కిస్తే! లేదా పాలసీని సంస్థకు తిరిగి యిచ్చివేసి వచ్చిన పదివేలతో అప్పుల వడ్డీ తీర్చుదుము. వాయిదా తప్పిన పిమ్మట కట్టుటకు మామూలుగా 30 దినములు, నెలవారీ వాయిదాలకు 15 దినములు గడువుండును. అదియు దాటిన పాలసీ మురిగిపోవును. సాధారణముగా ఐదేండ్లలోపల పునరుద్ధరించుకొనవచ్చును గాని, అప్పుడు మఱల ఆరోగ్య ప్రకటన ఈయవలయును, పరీక్షలకు నిలువవలయును, సంస్థ కాదనవచ్చును. అంతకుమించిన చిక్కొకటి కలదు. 1938 నాటి బీమా చట్టములోని 45వ విభాగమునుబట్టి, 2015లో సవరింపబడిన మేరకు, మూడేండ్లు గడచిన పాలసీని సంస్థ ఏ కారణముచేతను ప్రశ్నింపరాదు. పునరుద్ధరించిన పాలసీకి ఈ మూడేండ్ల లెక్క ఆ పునరుద్ధరణ దినమునుండి క్రొత్తగా ఆరంభమగును. ఇరువదియేండ్లుగా కట్టిన పాలసీకి రక్షణ యంతయు ఒక్క వాయిదా తప్పుటవలన పసిబిడ్డ వయస్సునకు దిగిపోవుచున్నది. కావున నగ కుదువపెట్టియైనను జబ్బు వచ్చిన యేడు పాత పాలసీ వాయిదా తప్పనీయకుడు. పాలసీ నిలువ కలిగినదైనచో దానిపైననే ఋణము తీసికొనవచ్చును. తిరిగి యిచ్చివేయుటకంటె అది యెంతయో మేలు. నామినీగా ఎవరి పేరున్నదో కూడ అప్పుడే చూచుకొనుడు. పెండ్లికి ముందు తీసికొన్న పాలసీలలో పరమపదించిన తల్లిగారి పేరే నేటికిని నిలిచియుండుట నేను చూచితిని.

క్షేమము చూచుకొన్న పిమ్మట యోగము. గుండెపోటు వచ్చిన కొలది నెలలలో దరఖాస్తు పెట్టిన "తరువాత రండి" అనుటయే సంస్థల పద్ధతి. ఇది తిరస్కారము కాదు, వాయిదా. ఆఱు నెలలో, సంవత్సరమో, ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క నియమము. ఈ విరామమును వ్యర్థపుచ్చక రెండు పనులు చేయవలయును. మొదటిది కాగితములు కూర్చుట. ఆసుపత్రినుండి విడుదల చేసినప్పటి సమగ్ర నివేదిక, ఆంజియోగ్రాము నివేదిక, ఎన్ని నాళములు మూసికొనినవో, ఎన్ని స్టెంటులు వేసిరో తెలుపు పత్రము, ఇటీవలి ఎకో పరీక్ష, వైద్యుడు సరేయన్నచో ట్రెడ్‌మిల్లు పరీక్ష, చక్కెర, కొలెస్టరాలు లెక్కలు. ఎకో నివేదికలో "ఎజెక్షను ఫ్రాక్షను" అను అంకె యుండును. గుండె యొక్క ఎడమగది ఒక్క కొట్టుకొనుటలో తనలోని రక్తములో నూటికెంత వెలుపలికి పంపునో అది చెప్పును. ఆరోగ్యవంతులలో ఇంచుమించు 55 మొదలు 70 వఱకు నుండును. అపాయమును తూచు అధికారి ముందుగా చూచు అంకెలలో ఇది యొకటి. గుండెపోటు వచ్చినను ఈ అంకె బాగుగా నున్నవానికిని, క్షీణించినవానికిని భేదము ఆకాశమునకును భూమికిని గల భేదము. ఊరివారు ఇద్దఱిని ఒకే గాట కట్టుదురు. సంస్థ అట్లు కట్టదు.

రెండవ పని పొగాకు మానుట. బీడీయైనను, ఖైనీయైనను, గుట్కాయైనను ఒక్కటే. "మానితిని" అని వ్రాసి మానకుండినచో, కోటినిను అను పదార్థమును మూత్రములో పరీక్షించి వారు కనిపెట్టగలరు. పొగాకు త్రాగువానికి గుండెజబ్బు లేకున్నను హెచ్చు ధర. గుండెజబ్బుతోకూడ పొగాకు ఉన్నవానికి చాల చోట్ల తలుపే మూయబడును. గుంటమగ్గములో దినమెల్ల కూర్చుండి బీడీకి మాత్రమే లేచు సోదరులు కొందఱు నాయెదుటనే యున్నారు, వారివైపు చూడను.

దరఖాస్తు పెట్టునప్పుడు నాలుగైదు సంస్థలకు ఒక్కసారి పంపవలదు. "మీ దరఖాస్తు ఇదివఱకు ఎక్కడనైన తిరస్కరింపబడినదా, వాయిదా వేయబడినదా?" అని ప్రతి సంస్థయు అడుగును. ఒకచోట కాదనిపించుకొన్న మాట మిగిలినచోట్ల మీ ముందే నడచును. అనుభవశాలియైన ఏజంటును గాని బ్రోకరును గాని ఆశ్రయించి, ముందు కాగితములు మాత్రమే చూపించి, "ఇట్టివానిని మీరు తీసికొందురా? ఏ ధరకు?" అని వారిద్వారా విచారింపవచ్చును. అటుపిమ్మట అనుకూలమైన చోటనే దరఖాస్తు ఈయవలయును. సమాధానము పలువిధములుగా నుండును: మామూలు ధరకు ఒప్పుకొనవచ్చును, ఇది అరుదు, అదనము వేయవచ్చును, కోరిన మొత్తమును తగ్గింపవచ్చును, మఱల వాయిదా వేయవచ్చును, కాదనవచ్చును. ఒకరు కాదన్నంతమాత్రమున అందఱును కాదన్నట్లు కాదు. రెండేండ్ల పిమ్మట అదే సంస్థ ఒప్పుకొనుటయు కలదు. మన సంఘ సభ్యులొకరు మొదట వాయిదా పడి, ఏడాదిన్నర పిమ్మట, కోరిన దానిలో సగము మొత్తమునకు, అదనపు ధరతో పాలసీ పొందిరి. ఉన్నదున్నట్లు వ్రాసి పొందిరి. వారు ఈ సభలోనే కూర్చుండియున్నారు, పేరు చెప్పను.

మఱియొకని కథ ఇట్లు సుఖముగా నడువలేదు. అతడు నా శిష్యుడు. నలుబదియాఱేండ్లకు స్టెంటు వేయించుకొనెను. మఱుసటి యేడు ఒక ఏజంటు వచ్చి, పది లక్షల పాలసీకి దరఖాస్తు తానే నింపి, సంతకము చేయించుకొని పోయెను. పదునాలుగు నెలలకు శిష్యుడు మరణించెను. సంస్థవారు విచారణకు వచ్చి, ఆసుపత్రిలోని ఆరోగ్యశ్రీ పత్రములను తీసి, సొమ్ము ఈయమనిరి. ఆతని భార్య ఆ కాగితముల కట్ట తెచ్చి నా ముందు పెట్టి, "ఏమండీ మాస్టారూ, మావారు కట్టిన డబ్బు అబద్ధమా?" అని యడిగినది. దరఖాస్తు ఆంగ్లమున నున్నది. గుండెకు సంబంధించిన ప్రశ్న స్పష్టముగా నున్నది. ఎదుట "లేదు" అని ఏజంటు దస్తూరి. క్రింద నా శిష్యుని సంతకము. నేను నేర్పిన గుండ్రని యక్షరములే. ఏజంటు ఆ యూరు విడిచిపోయినాడు. వ్రాసినది ఎవడైనను, సంతకము చేసినవాని మాటగానే అది యెన్నబడును.

బీమా ఒడంబడికకు పరమ విశ్వాసము ప్రాణము. సరకు కొనునప్పుడు కొనువాడే చూచుకొనవలయును. బీమా విషయమున చూచుటకు వీలైన సరకు మన దేహములో దాగియున్నది గనుక మనమే చెప్పవలయును. 1962లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పిన మిఠూలాల్ నాయక్ వ్యాజ్యమును న్యాయవాదులెల్లరు ఎఱుగుదురు. 1945లో ఓరియంటల్ సంస్థలో 25,000 రూపాయల పాలసీ పొందిన యొకడు, అంతకుముందు రక్తహీనత, కాళ్లవాపు, శ్రమపడినప్పుడు ఆయాసము మొదలగువానికి వైద్యుని చికిత్స పొందిన సంగతి దాచిపెట్టి, 1946లో మరణించెను. తెలిసియు మోసపూరితముగా దాచెనని న్యాయస్థానము నిర్ణయించి, పైకము రాదనెను. ఇక 2015లో అదే న్యాయస్థానము మఱియొక వ్యాజ్యమున, గుండెపోటుతో మరణించినవాడు తన నడుమునొప్పి జబ్బును వ్రాయలేదన్న కారణముతో పైకము నిరాకరించుట చెల్లదని, ఆ నొప్పికిని మరణమునకును సంబంధము లేదని, కుటుంబమునకు ఇప్పించెను. నడుమునొప్పి మఱచినవానిని ధర్మము మన్నించును. గుండెజబ్బు దాచినవానిని మన్నింపదు. దాచి మూడేండ్లు బ్రతికిన చాలునని కొందఱు లెక్క చెప్పుదురు. ఆ మూడేండ్లలోపల పోయినచో? గుండెజబ్బు వచ్చినవాడు వేయదగిన పందెమా యిది? మోసము కాని పొరపాటుగా తేలినచో కట్టిన ప్రీమియములు తిరిగి వచ్చును, అంతే.

కావున దరఖాస్తును చదివించుకొని, అర్థము చేసికొని, మీ చేతులారా "గుండెపోటు వచ్చినది, ఫలానా దినమున స్టెంటు వేసిరి" అని వ్రాయించి, నకలు దగ్గఱ ఉంచుకొనుడు. ఏజంటు "అక్కఱలేదండీ" అన్నచో, మఱియొక ఏజంటును చూచుకొనుడు.

వైద్యపరీక్ష లేని బీమాలును కొన్ని కలవు. ఇవి చిన్నవే, కాని మనవారికి మొదటి యాసరా. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా యోజనమున 18 మొదలు 50 సంవత్సరములలోపువారు బ్యాంకు ఖాతా ద్వారా చేరవచ్చును. చేరినవారికి 55 వఱకు కొనసాగును. 2022 జూను మొదలు ఏటికి 436 రూపాయలు. మరణమున 2 లక్షలు. చేరిన మొదటి 30 దినములలో ప్రమాదమరణము తప్ప ఇతర మరణములకు రాదు. జూను మొదటి తేదీనుండి మే ఆఖరువఱకు లెక్క. మే నెలాఖరున ఖాతాలో సొమ్ము లేకపోవుటవలన ఇది తెగిపోవుచున్నది. ఇట్టిదే యనుకొని 20 రూపాయల సురక్షా బీమాను నమ్ముకొని కూర్చుండువారు కలరు. అది ప్రమాదములకు మాత్రమే, గుండెపోటుకు దమ్మిడీ ఈయదు. సూరతు, భివండీ, షోలాపురము మిల్లులలో పనిచేయు మన పిల్లలకు ప్రావిడెంటు ఫండు ఉన్నచో, దానితో కూడ 1976 నాటి ఒక బీమా పథకము తనంతట తానే యుండును. కార్మికుడు పైసా కట్టనక్కఱలేదు, కుటుంబమునకు 7 లక్షల వఱకు వచ్చును. అచ్చట పని మానునప్పుడు ఇది పోవునను సంగతి జబ్బుపడినవాడు మఱవరాదు. తెలంగాణలో 2018 ఆగస్టున భూమిగల రైతులకును, 2022 ఆగస్టున నేతవారికిని 5 లక్షల బీమా ప్రభుత్వ వ్యయముతో ఆరంభింపబడినది. నేతవారి పథకమునకు ఇప్పటి నియమము లేవో చేనేత జౌళి శాఖ కార్యాలయమున విచారింపుడు.

భర్తకు ధర భారమైనచో భార్య సంగతి యేల యోచింపరు? కండెలు చుట్టుట, ఆసు పోయుట, ఇప్పుడు కుట్టుపని, అంగడిలో లెక్కలు, ఇవన్నియు ఆర్జనము కాదా? గుండె బలహీనమైన భర్త ఉన్న యింటిలో ఆమె పోయినచో ఆ యిల్లు ఏమగును? ఆమె ఆరోగ్యవంతురాలైనచో మామూలు ధరకే పాలసీ వచ్చును. మన బీమా కాగితములలో స్త్రీలు నామినీలుగానే కనబడుచున్నారు.

ఇక సంఘము చేయవలసినది. కొందఱు యువకులు "మన కులమువారమే ఒక మరణనిధి పెట్టుకొందము, ఒకరు పోయినప్పుడెల్ల తలకు ఐదువందలు వేసికొందము" అని ప్రతిపాదించిరి. వారి హృదయము మంచిది. కాని ఈ పద్ధతి మన దేశమున ఇదివఱకే పరీక్షింపబడి చెడినది. ఇట్టి సంఘములు విరివిగా పెరిగినందుననే 1912లో ప్రావిడెంటు సొసైటీలకు వేఱొక చట్టము చేయవలసివచ్చినది. మొదట అందఱును యువకులే, చందా తక్కువ. పదేండ్లకు మరణములు పెరుగును, చందా పెరుగును. బలముగల పడుచువారు విడిచిపోవుదురు. వృద్ధులును రోగులును మాత్రమే మిగులుదురు. ఎవరికొఱకు పెట్టితిమో వారి వంతు వచ్చునప్పటికి పెట్టె ఖాళీ. పట్టాభి సీతారామయ్యగారివంటి వారు 1925లో బందరున ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించినప్పుడు చందాల పద్ధతిని కాక, మూలధనముతో, గణితముతో, చట్టప్రకారము నడుపు సంస్థనే పెట్టిరి. 1956 సెప్టెంబరు 1న భారత జీవిత బీమా సంస్థ యేర్పడినప్పుడు అందులో కలిసిన 245 సంస్థలలో 75 ప్రావిడెంటు సొసైటీలే. నేడు రిజిస్ట్రేషను లేక బీమా వ్యాపారము చేయుట చట్టవిరుద్ధము కూడ.

దానికి బదులు సమష్టి బీమా కలదు. ఒక సంస్థ సభ్యులందఱికిని కలిపి ఒక్క పాలసీ తీసికొనుట యిది. ఇట్టి పాలసీలలో ఒక పరిమితివఱకు ఎవరిని వైద్యపరీక్ష అడుగకుండ తీసికొనుట తఱచు జరుగును. ఆరోగ్యవంతులు పెక్కుమంది కలిసియుండుటచేత రోగి భారము అందఱిలో సర్దుకొనును. బీమాకొఱకే క్రొత్తగా పుట్టించిన సమూహమునకు ఇట్టిది ఈయరాదని నియంత్రణ సంస్థ 2005లోనే నియమము చేసినది. మన సంఘము బీమాకొఱకు పుట్టినది కాదు. వసతిగృహములకును విద్యకును పుట్టినది. కావున మనము అడుగుటకు అడ్డు లేదు. కాని ఒక షరతు: జబ్బుపడినవారు మాత్రమే చేరి, ఆరోగ్యవంతులు దూరముగా నిలిచినచో ఏ సంస్థయు ఒప్పుకొనదు. పోషకవర్యులు తమ దుకాణములలోని గుమాస్తాలను, మగ్గములవారిని ముందుగా చేర్పించినచో సంఖ్య కుదురును. ఈ సంచికలో ఒక పుట ప్రకటనకు వారిచ్చు సొమ్ముతో ఎందఱి ప్రీమియము గడచునో కోశాధిపతిగారు లెక్క వేయగలరు. నేను శాలువలను గుఱించి మాత్రమేమియు అనను.

రెండవ కోరిక ఇంతకంటె సులభము. ప్రతి జిల్లా శాఖయందును ఆంగ్లము చదువగల ఇద్దఱు యువకులను నియమింపవలయును. దరఖాస్తు సంతకమునకు ముందు చదివి తెలుగున చెప్పుటయు, మరణించినవారి కుటుంబమునకు కాగితములు నింపుటయు వారి పని. పైకము అన్యాయముగా నిరాకరింపబడినచో, ముందు సంస్థకు వ్రాసి, నెలదినములలో సరియైన జవాబు రానియెడల హైదరాబాదులోని బీమా అంబుడ్సుమను కార్యాలయమునకు ఏడాదిలోపల ఫిర్యాదు పంపవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు రెండును ఆయన పరిధిలోనివే. రుసుము లేదు, వకీలు అక్కఱలేదు, 50 లక్షల వఱకు ఆయన తీర్పు చెప్పగలరు. నా శిష్యుని భార్య వచ్చునప్పటికి ఆ గడువును దాటిపోయినది; ఇట్టి కార్యాలయము కలదని ఆమెకు చెప్పినవారు లేకపోయిరి.

ఈ రెండు కోరికలను తీర్మానములుగా వ్రాసి విషయనిర్ణయ సభకు ఈ యుదయమే అందజేసితిని. మధ్యాహ్న భోజనానంతరము స్వచ్ఛంద సేవకుల డేరాలో నేనును, నా పూర్వశిష్యులిద్దఱును కూర్చుందుము. పాత పాలసీలు, ఆసుపత్రి కాగితములు తెచ్చినవారు వానిని చూపింపవచ్చును. పాలసీ మురిగి ఐదేండ్లు కానివారు ముందుగా రావలెనని కోరుచున్నాను.